మూడు చక్రాల మోర్గన్‌లో బెల్టు కీచుమంటే: శబ్దం పట్టుకోవడం, స్ప్రాకెట్ అరుగుదల కొలవడం – నా అనుభవం

పళ్ల బెల్టుతో వెనక చక్రం తిరిగే బండిలో కీచుమని శబ్దం మొదలైతే చాలామంది ముందు పానా అందుకుని బెల్టు బిగిస్తారు. నూటికి తొంభై సార్లు అదే తప్పు మందు. మన ఊళ్లలో పిండిమర బెల్టు కీచుమంటే జారుతోందని అర్థం, బిగిస్తే ఊరుకుంటుంది. అది నున్నటి బెల్టు, రాపిడి మీదే నడుస్తుంది. పళ్ల బెల్టు జారదు, పన్ను గాడిలో కూర్చుని లాగుతుంది. కాబట్టి దాని కీచుకు కారణం వేరే ఉంటుంది. బిగించిన కొద్దీ శబ్దం పెరుగుతుంది, బేరింగుల మీద బరువు పెరుగుతుంది, స్ప్రాకెట్ (బెల్టు కూర్చునే పళ్ల చక్రం) ఇంకా త్వరగా అరుగుతుంది.

నేను చెప్పబోయేది ఇంగ్లండ్‌లో మోర్గన్ 3 వీలర్ మీద చేసిన పని. 2011లో జెనీవా మోటార్ షోలో చూపించి, 2021 వరకు మాల్వర్న్‌లో తయారుచేసిన మోడల్ ఇది. మన ఆటోకు ముందు ఒకటి, వెనక రెండు చక్రాలు. దీనికి ముందు రెండు, వెనక ఒకటి. ముక్కు మీద బయటికి కనిపించే రెండు సిలిండర్ల, ఎస్ అండ్ ఎస్ అనే కంపెనీ వీ-ట్విన్ ఇంజిన్, దాదాపు రెండు లీటర్లది. దాని వెనక మాజ్దా ఎంఎక్స్-5 కారులో వాడిన 5-స్పీడ్ గేర్‌బాక్స్. అక్కడి నుంచి షాఫ్ట్ వెనక్కి వెళ్తుంది, బెవెల్ బాక్సు అనే గేర్ల పెట్టె ఆ తిరుగుడును 90 డిగ్రీలు పక్కకు మళ్లిస్తుంది. బెవెల్ బాక్సు పక్కన ముందు స్ప్రాకెట్, వెనక చక్రం పక్కన పెద్ద స్ప్రాకెట్, రెండింటి మధ్య బెల్టు. 1909లో మొదలైన పాత మోర్గన్ మూడు చక్రాల బండ్లకు ఈ చోట చెయిన్ ఉండేది. చెయిన్‌కు నూనె కావాలి, సాగుతుంది, మురికి చేస్తుంది. బెల్టుకు ఆ బాధలు లేవు. కానీ చెయిన్ ఓర్చుకునే వంకరను బెల్టు ఓర్చుకోదు, కష్టమంతా అక్కడే.

నా బండిలో లక్షణం ఇది: గంటకు 15 నుంచి 30 మైళ్ల మధ్య, పొడి రోడ్డు మీద, లయగా కీచు-కీచు. వాన పడితే మాయం. వేగం పెరిగితే ఆ కీచు కలిసిపోయి సన్నటి ఈలలా మారేది. వెనక టైరు మార్పించిన తర్వాత మొదలైంది. వెనక చక్రం విప్పి బిగించిన చోటల్లా మొదటి అనుమానం యాక్సిల్ మీద పెట్టుకోవాలి. అయినా అనుమానంతో పానా పట్టకుండా, శబ్దం ఏ భాగంతో కలిసి తిరుగుతోందో ముందు లెక్క కట్టాను.

ఈ లెక్క తేలికే. తిరిగేవి మూడు: వెనక చక్రం, బెల్టు, ముందు స్ప్రాకెట్. మూడింటి వేగాలు వేరు. టైరు మీద, నేల మీద చాక్‌పీస్ గీత పెట్టి, మనిషి కూర్చున్న బరువుతో ఒక్క చుట్టు దొర్లిస్తే చుట్టుకొలత దొరుకుతుంది. నాది సుమారు 1.95 మీటర్లు. గంటకు 25 మైళ్లంటే సెకనుకు 11.2 మీటర్లు, అంటే చక్రం సెకనుకు 5.7 చుట్లు. ఇక స్ప్రాకెట్ల పళ్లు, బెల్టు పళ్లు చాక్ గుర్తు పెట్టి లెక్కపెట్టండి. ఉదాహరణకు వెనక 60, ముందు 30, బెల్టుకు 120 అనుకుందాం. అప్పుడు సెకనుకు 342 పళ్లు కలుస్తాయి. ముందు స్ప్రాకెట్ 11.4 చుట్లు, బెల్టు 2.85 చుట్లు తిరుగుతుంది. ఫోనును బెల్టు గార్డు దగ్గర టేపుతో అంటించి, వేగం నిలకడగా ఉంచి రికార్డు చేసి, ఆ శబ్దం గ్రాఫు మీద కీచుకు కీచుకు మధ్య దూరం చూస్తే సరి. సెకనుకు మూడు లోపు వస్తే బెల్టులోనే ఏదో ఒక చోట దెబ్బ, గుచ్చుకున్న రాయి, లేదా చిట్లిన పన్ను. సెకనుకు ఆరుకు దగ్గరగా వస్తే వెనక స్ప్రాకెట్, వెనక బేరింగు, బ్రేక్ డ్రమ్ములలో ఒకటి. పదకొండుకు దగ్గరైతే ముందు స్ప్రాకెట్ లేదా బెవెల్ బాక్సు బయటి షాఫ్ట్. లయ లేకుండా 342 హెర్ట్జ్ చుట్టూ ఒకే ఈల వస్తే అది పళ్లు కలిసే శబ్దం. కొంత సహజం, ఎక్కువైతే బెల్టు అతిగా బిగిసి ఉందన్నమాట.

నాకు వచ్చింది చక్రం లయ. అంటే అనుమానితులు ముగ్గురు. డ్రమ్మును ముందు తీసేయొచ్చు: ఖాళీ రోడ్డు మీద మెల్లగా పోతూ హ్యాండ్‌బ్రేకును కొద్దిగా లాగితే డ్రమ్ము రాపిడి శబ్దం మారుతుంది. నాది మారలేదు. బేరింగు శబ్దం తడికి తగ్గదు, ఇది తగ్గుతోంది. అయినా చక్రం ఎత్తాక చేతితో చూసి తీరాలి.

ఎత్తేటప్పుడు జాగ్రత్త. వెనక ఒకటే చక్రం కాబట్టి అది గాలిలోకి లేస్తే హ్యాండ్‌బ్రేకు దేన్నీ ఆపదు, బండి ముందు చక్రాల మీద దొర్లిపోతుంది. ముందు రెండు చక్రాలకూ రెండు వైపులా చెక్కలు పెట్టి, వెనక ఛాసిస్‌కు రెండు పక్కలా స్టాండులు పెట్టాకే కింద చెయ్యి పెట్టండి. ఇంజిన్‌తో తిప్పి చూడొద్దు. చేతితో తిప్పేటప్పుడు కూడా బెల్టూ స్ప్రాకెట్టూ కలిసే చోటికి వేలు పోనివ్వకండి. చక్రం బరువుకు వచ్చిన ఊపు వేలు నలగడానికి చాలు.

గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని ముందుకు మెల్లగా చాలాసేపు తిప్పి బెల్టు అంచు చూశాను. బెల్టు మెల్లగా బయటికి నడిచి వెనక స్ప్రాకెట్ ఫ్లాంజ్‌కు (బెల్టు పక్కకు జారిపోకుండా ఆపే అంచుకు) ఆనుకుంది. ఆనుకున్న చోట అంచు అద్దంలా మెరుస్తోంది, కిందంతా సన్నటి నల్ల పొడి. ఫ్లాంజ్‌లో ఏదైనా కొంచెం వంపు ఉంటే చుట్టుకోసారి గట్టిగా రాసుకుంటుంది. చక్రం లయలో కీచు రావడానికి అదే కారణం. సన్న వంపులు కొలిచే డయల్ గేజ్ లేకపోయినా స్వింగార్మ్‌కు (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ కదిలే చేయికి) గట్టి తీగ కట్టి, దాని మొనను ఫ్లాంజ్‌కు ఒక కాగితం మందం దూరంలో పెట్టి తిప్పితే వంపు కంటికి తెలుస్తుంది. తర్వాత చక్రాన్ని వెనక్కి తిప్పాను. నాలుగైదు చుట్లలో బెల్టు ఫ్లాంజ్‌ను వదిలి రెండో పక్కకు నడిచింది. దిశ మారిస్తే పక్క మారే బెల్టు దాదాపు ఎప్పుడూ యాక్సిల్ వంకరనే చెబుతుంది. ఎటు తిప్పినా ఒకే పక్క ఆనుకుంటే స్ప్రాకెట్లు సమాంతరంగానే ఉన్నా ఒకే గీతలో లేవు, ఒకటి లోపలికో బయటికో ఉంది. అప్పుడు యాక్సిల్ స్పేసర్లు (చక్రం పక్కన దూరం నిలిపే గొట్టాలు) తారుమారయ్యాయేమో చూడాలి.

నీళ్ల పరీక్ష కూడా చెప్పుకోవాలి. పూల మొక్కలకు కొట్టే చిన్న స్ప్రే సీసాతో ముందు బెల్టు అంచు మీద మాత్రమే, తర్వాత పళ్ల వైపు మాత్రమే, విడివిడిగా కొట్టి రోడ్డు మీద విన్నాను. అంచు తడిస్తే శబ్దం ఆగింది, పళ్లు తడిస్తే ఆగలేదు. రెండో దానితో ఆగితే పంటి పక్కల పొడి రాపిడి, లేదా అరిగిన గాడి అనుకోవాలి. సిలికాన్ స్ప్రే కొట్టినా శబ్దం ఆగుతుంది, కానీ అది చికిత్స కాదు. రోడ్డు దుమ్మును పట్టుకుని పంటి మధ్య పేస్టులా తయారవుతుంది. పిండిమర బెల్టుకు రాసే మైనం, రోజిన్ లాంటివి పళ్ల బెల్టుకు ఎప్పుడూ వద్దు.

తర్వాత తెల్ల గుడ్డ. కొత్త గుడ్డ ముక్కతో ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్, బెల్టు లోపలి వైపు వేరువేరుగా తుడిచి పక్కపక్కన పెట్టి చూడండి. ఎంత చెబుతాయో! నల్లటి మెత్తటి పొడి బెల్టుది. బూడిద రంగులో మెరిసే జిడ్డు అల్యూమినియం, అంటే స్ప్రాకెట్ అరుగుతోంది. ఇటుక రంగు పొడి బోల్టుల చుట్టూనో, షాఫ్ట్ స్ప్లైన్ల (షాఫ్ట్ మీది పొడవాటి గాడుల) దగ్గరో కనిపిస్తే అక్కడ రెండు ఇనుప ముఖాలు కదులుతూ రాసుకుంటున్నాయి, నట్టు లూజైంది. స్ప్రాకెట్ ఏ లోహమో తెలియకపోతే అయస్కాంతం పెడితే తేలిపోతుంది. నా వెనక స్ప్రాకెట్ గుడ్డ మీద నల్లపొడి పక్కనే బూడిద జిడ్డు వచ్చింది. బెల్టు సర్దితే శబ్దం పోతుంది సరే, స్ప్రాకెట్ పరిస్థితి చూడకుండా మూసేయడానికి వీల్లేదని అప్పుడే తెలిసింది.

అల్యూమినియం స్ప్రాకెట్‌కు పైన గట్టి పూత ఉంటుంది. అది ఉన్నంతకాలం అరుగుదల చాలా నెమ్మది. పోయిందంటే కింద ఉన్న మెత్తటి లోహం వేగంగా తరుగుతుంది. ఇక్కడ చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పూ సన్న ఇసుకా కలిసి పంటి గాడిలో చేరితే గరుకు కాగితంలా పనిచేస్తాయి. మెరుపు చూసి భయపడనక్కర్లేదు, నున్నగా పాలిష్ అయిన పూత కూడా మెరుస్తుంది. తేడా తెలుసుకోవడానికి మోటార్‌సైకిల్ మెకానిక్కులు వాడే పద్ధతి ఒకటుంది. హార్లే డేవిడ్‌సన్ 1980 స్టర్జిస్ మోడల్ నుంచి వెనక చక్రానికి బెల్టు పెడుతోంది, కాబట్టి ఆ లోకంలో ఈ అనుభవం చాలా ఉంది. గాడి అడుగున సూది మొనను ఓ మాదిరి ఒత్తిడితో లాగాలి. గీత పడకుండా జారిపోతే పూత ఉంది. తెల్లటి గీత పడితే పూత పోయింది, స్ప్రాకెట్ మార్చాలి. నా దాంట్లో ఫ్లాంజ్ వైపు సగం వెడల్పు గీత పడింది, రెండో సగం పడలేదు. యాక్సిల్ వంకర బరువంతా ఒక పక్కకే నెట్టిందనడానికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఆ తర్వాత కొలత. స్ప్రాకెట్ వెడల్పులో బెల్టు తాకని సన్నటి అంచు ఒకటి మిగులుతుంది. అది కొత్త స్ప్రాకెట్ కొలతను దాచిపెట్టిన చోటు. వెర్నియర్ కాలిపర్‌తో అక్కడ పంటి మందం, మధ్యలో పంటి మందం కొలిచి తేడా తీయండి. పంటి కొన నుంచి ఒకే లోతులో కొలవకపోతే అంకెకు అర్థం లేదు. నా వెనక స్ప్రాకెట్‌లో తేడా 0.3 మిల్లీమీటర్లు. ముందు స్ప్రాకెట్‌లో ఇంకా ఎక్కువ, గోరు పెట్టి అడ్డంగా లాగితే మెట్టులా తగిలింది. ముందుది చిన్నది, ప్రతి పన్నూ ఎక్కువసార్లు బెల్టును కలుస్తుంది, అందుకే అదే ముందు అరుగుతుంది. గార్డు వెనక దాక్కుని ఉంటుంది కాబట్టి ఎక్కువమంది దాన్ని చూడనే చూడరు. పంటి పక్కలు ఒకవైపు కొక్కెంలా వంగినట్టు కనిపించినా, పళ్ల మధ్య గాడి అడుగు వెడల్పయినా ఇక కొలతలు అక్కర్లేదు, మార్చడమే.

బెల్టు పరీక్షలో నేను పాటించే హద్దులు: పంటి మొదట్లో పగులు, ఊడిన పన్ను, అంచులో రాయి దెబ్బ, లోపలి తీగలు బయటపడి తెగడం, వీటిలో ఏది ఉన్నా బెల్టు పనికిరాదు. వెడల్పు మధ్యలో చిన్న రాయి గుంట ఉంటే గుర్తు పెట్టుకుని కనిపెట్టుకుని ఉండొచ్చు. అంచున కొద్దిగా నూలు లేవడం పక్కకు రాసుకుంటోందని చెబుతుంది, వెంటనే ప్రమాదం కాదు.

పాత స్ప్రాకెట్ మీద కొత్త బెల్టు వేయడం నాకు నచ్చదు. గాడి అరిగి వెడల్పయితే కొత్త పన్ను దానిలో నిండుగా కూర్చోదు, బరువంతా ఒకటి రెండు పళ్ల మీద పడుతుంది. ఖరీదైన బెల్టు పాత స్ప్రాకెట్ ఆకారానికి అరిగిపోతుంది. అందుకే రెండు స్ప్రాకెట్లు, బెల్టు మొత్తం సెట్టుగా మార్చాను.

బెల్టు తీశాక మరో పరీక్ష తప్పక చేయాలి, మళ్లీ ఆ అవకాశం అంత సులువుగా రాదు. బెల్టు లేకుండా వెనక చక్రాన్ని తిప్పండి, తర్వాత బెవెల్ బాక్సు షాఫ్ట్‌ను విడిగా తిప్పండి. గరగర ఎందులో ఉందో చేతికే తెలుస్తుంది. షాఫ్ట్‌ను పైకీ కిందికీ ఊపి ప్లే (వదులు) చూడండి. బెల్టు అతిగా బిగిసి నడిచిన బండిలో బయటి బేరింగు దెబ్బతిని ఉండొచ్చు. బెవెల్ బాక్సు ఆయిల్ కూడా తీసి చూశాను. సన్నటి బూడిద పొడి సహజం, వేలికి గుచ్చుకునే రేకులుంటే కాదు. నాది బాగానే ఉంది.

కొత్త బెల్టు పట్టుకోవడంలో ఒక నియమం. లోపల కార్బన్ లేదా అరామిడ్ తీగలుంటాయి. లాగితే ఎంత బలమో, మడిస్తే అంత పెళుసు. ముందు స్ప్రాకెట్ కన్నా చిన్న చుట్టగా వంచకూడదు, మెలిపెట్టకూడదు, లోపలిది బయటికి తిప్పకూడదు, స్క్రూడ్రైవర్‌తో స్ప్రాకెట్ మీదికి ఎక్కించకూడదు. తీగ ఒకసారి మడతపడితే పైకి ఏమీ కనిపించదు, కొన్ని వందల మైళ్ల తర్వాత అడ్డంగా తెగుతుంది. యాక్సిల్‌ను పూర్తిగా ముందుకు తెచ్చి, బెల్టు వదులుగా ఎక్కించి, తర్వాతే వెనక్కి లాగాలి.

మొదట వరస (రెండు స్ప్రాకెట్లు ఒకే గీతలో, సమాంతరంగా ఉండడం) సరిచేయాలి, తర్వాతే బిగువు. పళ్ల బెల్టులకు మామూలుగా చెప్పే హద్దు పావు డిగ్రీ, అంటే మీటరుకు సుమారు 4.4 మిల్లీమీటర్లు. అర మీటరు దూరం మీద 2.2 మాత్రమే. స్వింగార్మ్ మీద ఉన్న గీతలను నేను నమ్మను, అవి ఉజ్జాయింపు. స్వింగార్మ్ పివట్ (అది తిరిగే ఇరుసు) మధ్య నుంచి యాక్సిల్ మధ్యకు రెండు వైపులా కొలిచి సమానం చేశాను. తర్వాత వెనక స్ప్రాకెట్ ముఖానికి తిన్నటి అల్యూమినియం పట్టీ ఆనించి ముందు స్ప్రాకెట్ దాకా చూశాను. సర్దేటప్పుడు యాక్సిల్‌ను ముందుకూ వెనక్కీ జరిపే అడ్జస్టర్ మర లెక్క తెలిస్తే పని సగం అయినట్టే. ఎం8 బోల్టు మామూలు మరతో ఒక చుట్టుకు 1.25 మిల్లీమీటర్లు కదులుతుంది. నట్టు ఆరు పలకల్లో ఒక పలక తిప్పితే 0.2. ఎం10 అయితే చుట్టుకు 1.5, పలకకు 0.25. నేను ఒక్కసారికి ఒక్క పలకే తిప్పి, చక్రాన్ని చాలాసేపు తిప్పి, బెల్టు ఎటు నడుస్తోందో చూస్తాను. ముందుకు తిప్పినా వెనక్కి తిప్పినా ఫ్లాంజ్‌ను నొక్కకుండా, మెల్లగా తాకీ తాకనట్టు నడిస్తే చాలు. కొద్దిగా తాకడం తప్పు కాదు, నొక్కడం తప్పు. వరస కుదిరాక రెండు అడ్జస్టర్లనూ సమానంగా మాత్రమే కదపాలి.

బిగువు వేలితో నొక్కి చెప్పేది కాదు. బెల్టు పొడవైన వైపు మధ్యలో వేలితో మీటి, బెల్టులకని చేసిన ఫ్రీక్వెన్సీ యాప్ ఉన్న ఫోనును ఒకటి రెండు సెంటీమీటర్ల దూరంలో పెట్టి కొలవాలి. గిటారు ట్యూనర్ యాపులు ఇంత మంద్రంలో తడబడతాయి. దీని వెనక లెక్క: బిగువు అంటే నాలుగు రెట్లు, మీటరు బెల్టు బరువు, రెండు స్ప్రాకెట్ల మధ్య ఖాళీ పొడవు వర్గం, ఫ్రీక్వెన్సీ వర్గం, ఇవన్నీ గుణిస్తే వచ్చేది. ఖాళీ పొడవు 0.5 మీటరు, బెల్టు బరువు మీటరుకు 0.2 కిలో, పలికింది 50 హెర్ట్జ్ అయితే బిగువు 500 న్యూటన్లు. అదే 40 హెర్ట్జ్ అయితే 320. అంకె చిన్నగా మారినా బిగువు చాలా మారుతుంది. నా పాత బెల్టు, బండి పుస్తకంలో ఉన్న అంకె కన్నా ఇంచుమించు 15 శాతం పైన పలికింది. అంటే బిగువు 32 శాతం ఎక్కువ. పై వేగంలో వచ్చిన ఈలకు ఇదీ తోడైంది. మీ బెల్టుకు సరైన అంకె మోడల్ ఏడాది, బెల్టు వెడల్పును బట్టి మారుతుంది. మీ బండి పుస్తకంలోదే వాడండి, ఇంకొకరి బండిది కాదు.

ఎప్పుడూ చల్లటి బండి మీదే కొలవాలి, వేడికి అల్యూమినియం పెరిగి బెల్టు బిగుస్తుంది. చక్రాన్ని పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల కొలిచి, అన్నిటికన్నా బిగువుగా ఉన్న చోటును అంకెకు సరిచేయండి. స్వింగార్మ్ కదిలితే కూడా బిగువు మారవచ్చు కాబట్టి, గాలిలో వేలాడుతున్నప్పుడు ఒకసారి, నేల మీద మనిషి కూర్చున్నప్పుడు ఒకసారి చూడాలి. యాక్సిల్ నట్టును పుస్తకంలో చెప్పిన టార్క్‌కు బిగించాక మళ్లీ కొలవడం మరవద్దు. నట్టు బిగుస్తూ యాక్సిల్‌ను ఒక వైపు లాగుతుంది, సరిచేసిన వరస అక్కడే చెడుతుంది. టైరు షాపుల్లో చక్రం తిరిగి ఎక్కించినప్పుడు ఎక్కువగా దాటేసే మెట్టు ఇదే. యాక్సిల్ జరిగింది కాబట్టి హ్యాండ్‌బ్రేకు సర్దుబాటు కూడా చూసుకోవాలి.

బెల్టు మరీ వదులైతే ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే బిగువుకు భయపడి కొందరు అటు పోతారు. గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడో, రివర్సులో ఎత్తు ఎక్కినప్పుడో టకటకమని పళ్లు దాటుతాయి. ఒక్కసారి దాటినా లోపలి తీగకు దెబ్బే. పెద్ద సిలిండర్లు రెండే ఉన్న ఇంజిన్ తక్కువ ఆర్‌పీఎంలో కుదుపుకుదుపుగా లాగుతుంది. పెద్ద గేరులో మెల్లగా ఈడిస్తే ఆ కుదుపులు నేరుగా బెల్టుకు, స్ప్రాకెట్ పళ్లకు తగులుతాయి. గేరు దించి నడపడం బెల్టుకు మేలు.

కొత్త సెట్టుతో కీచు పోయింది. గంటకు 40 మైళ్ల దగ్గర సన్నటి హూంకారం ఒకటి మిగిలింది. అది పళ్లు కలిసే శబ్దం, వేగంతో పాటు సాఫీగా పెరిగి తగ్గుతుంది, దాన్ని పోగొట్టాలని బిగువు మార్చకూడదు. కొత్త బెల్టు మొదట్లో పళ్లు గాడుల్లో సర్దుకుని కొంచెం వదులవుతుంది, మొదటి 100–150 మైళ్ల తర్వాత మళ్లీ మీటి చూసి సరిచేశాను. చలికాలంలో ఉప్పు రోడ్ల మీద తిరిగి వచ్చాక మామూలు నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో, అవసరమైతే కొద్దిగా సబ్బుతో కడిగితే చాలు. పెట్రోలు, బ్రేక్ క్లీనర్ బెల్టు దగ్గరికి రానివ్వకండి, స్ప్రాకెట్ పూత మీద తీగ బ్రష్షు వాడకండి. గార్డులో ఇరుక్కున్న గులకరాళ్లు ఆ కడిగేటప్పుడే తీసేయాలి, చిన్న టార్చి వేసి ముందు స్ప్రాకెట్ వెనక కూడా చూడాలి. అక్కడ నిలిచిన ఒక్క రాయి కొత్త బెల్టుకు చిల్లు పెట్టగలదు.